సోమశిల గంపలో ఏముంది?

ఏటా వానాకాలంలో జూరాల గేట్లు ఎత్తారన్న వార్త పత్రికల్లో వస్తుంది. ఎన్ని గేట్లు ఎత్తారు, ఎన్ని క్యూసెక్కులు వదిలారు, శ్రీశైలంలో మట్టం ఎన్ని అడుగులకు చేరింది అన్న అంకెలు కృష్ణా తుంగభద్రల నడుమనున్న నడిగడ్డలోనూ వనపర్తిలోనూ కొల్లాపూర్‌లోనూ బడికి పోనివాళ్ల నోట కూడా వినిపిస్తాయి. 1045 అడుగులంటే జూరాల నిండినట్టు, 885 అంటే శ్రీశైలం నిండినట్టు. నీటికి ఇంత కచ్చితమైన లెక్క ఉన్న నేలలో, ఆ నీటిలో బతికే చేపకు ఒక్క లెక్కే ఉంది: ఈ ఏడు ఎన్ని పిల్లలు వదిలారు? పట్టినవి ఎన్ని, ఎంత పొడవున్నవి పట్టారు, అందులో ఒక్కసారైనా గుడ్డు పెట్టినవి ఎన్ని అని అడిగేవాళ్లు తక్కువ. మత్స్య శాస్త్రజ్ఞుడి పని ఈ రెండో రకం ప్రశ్నలతో మొదలవుతుంది.

ముందు భూగోళం చూద్దాం. తెలంగాణ సరిహద్దులో భీమను కలుపుకున్న కృష్ణ గద్వాల ఎగువన జూరాల దగ్గర ఆగుతుంది. అక్కణ్నుంచి బీచుపల్లి మీదుగా సాగి, అలంపూర్ దాటాక తుంగభద్రతో కలుస్తుంది. శ్రీశైలం వెనుక జలాలు నిండినప్పుడు ఆ సంగమం వరకూ నీరు ఎగదన్నుతుంది. చిన్నంబావి, పెంట్లవెల్లి, కొల్లాపూర్ మండలాల్లోని నదీతీర గ్రామాల బతుకు ఆ నీటితోనే. నది ఒడ్డు దాటి లోపలికి వస్తే చెరువులూ కుంటలూ. నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి ఎత్తిపోతలు వచ్చాక, ఒకప్పుడు వానదేవుడి దయ మీదే ఆధారపడ్డ చెరువుల్లో చాలావాటికి ఇప్పుడు కృష్ణ నీరు చేరుతోంది. అంటే ఈ ప్రాంతంలో చేపకు రెండు రకాల ఇళ్లున్నాయి: చెరువు, జలాశయం. పైకి రెండూ నీళ్లే. శాస్త్రానికి మాత్రం రెండూ వేర్వేరు లోకాలు, ఒకదాని సూత్రం రెండోదానికి పనికిరాదు. మన నిర్ణయాల్లో జరిగే పొరపాట్లకు సగం కారణం ఈ తేడాను పట్టించుకోకపోవడమే అని నా అభిప్రాయం.

చెరువు సంగతి తేలిక. వానాకాలంలో నిండుతుంది, ఎండాకాలానికి అడుగంటుతుంది. ముదిరాజ్, బెస్త, గంగపుత్ర కుటుంబాల సహకార సంఘం దాన్ని కౌలుకు తీసుకుంటుంది. పిల్లలు వదిలి, కాపలా కాసి, నీళ్లు తగ్గాక అందరూ కలిసి పట్టేస్తారు. తల్లిచేపను మిగల్చాలన్న బాధ లేదు. మిగిల్చినా రవ్వ, బొచ్చె, మ్రిగాల నిలవనీటిలో గుడ్లు పెట్టవు. వాటికి వరద కావాలి, పారే నీరు కావాలి. అందుకే 1957కు ముందు దేశంలో చేపపిల్లలు కావాలంటే బెంగాల్, బీహార్ నదుల్లో వరదనీటికి వలకట్టి పట్టుకుని, రైళ్లలో దూరప్రాంతాలకు పంపేవారు. ఆ ఏడాది జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి బృందం పీయూష గ్రంథి ద్రావణాన్ని సూదిమందుగా ఇచ్చి ఈ జాతుల చేత చెరువునీటిలో గుడ్లు పెట్టించింది. ఇప్పుడు దేశమంతా జూలై 10ని చేపల రైతుల దినంగా జరుపుకుంటోంది. తెలంగాణ చెరువులకు చేపపిల్లలతో లారీల్లో వచ్చే ప్రతి ప్లాస్టిక్ సంచీ వెనుక ఆ ప్రయోగం ఉంది.

2016లో రాష్ట్ర ప్రభుత్వం నూరు శాతం సబ్సిడీతో చేపపిల్లల పంపిణీ మొదలుపెట్టింది. ఎండిపోయే చెరువులకు 35–40 మిల్లీమీటర్ల పిల్లలు, ఏడాది పొడవునా నీళ్లుండే పెద్ద చెరువులకూ జలాశయాలకూ 80–100 మిల్లీమీటర్ల పిల్లలు అని నిర్ణయించారు. ఇది కాగితం మీద చిన్న వివరంలా కనిపిస్తుంది గానీ పథకం మొత్తంలో శాస్త్రం ఎక్కువగా ఉన్నది ఇక్కడే. నీటిలో కొర్రమీను ఉంటుంది, వాలుగ ఉంటుంది, గట్టు మీద కొంగలుంటాయి. వేలెడు పిల్ల వీటి నోటికి సులువుగా పోతుంది. అరచేతి వెడల్పుకు ఎదిగిన పిల్ల చాలావరకు తప్పించుకుంటుంది.

అర్థం కావడానికి ఒక లెక్క వేద్దాం. ఒక చెరువులో లక్ష చిన్న పిల్లలు వదిలారు, ఐదింట ఒకటి బతికి ఒక్కోటి అరకిలో అయింది అనుకుందాం. దిగుబడి 10 టన్నులు. అదే చెరువులో అరలక్ష పెద్ద పిల్లలను వదిలితే, సగం బతికి ఒక్కోటి 700 గ్రాములు తూగాయనుకుందాం. పదిహేడున్నర టన్నులు. వదిలిన సంఖ్య సగానికి తగ్గింది, చేతికొచ్చిన బరువు దాదాపు రెట్టింపైంది. ఇక్కడ నెల రోజుల ఆలస్యం కూడా ప్రాణాంతకమే. ఆగస్టులో వదిలిన పిల్లకు ఏప్రిల్ దాకా ఎనిమిది నెలలు దొరుకుతాయి. అక్టోబరులో వదిలితే ఆరే. అందులోనూ చలికాలం వస్తే చేప మేత తగ్గిస్తుంది. చేపపిల్లల టెండరు ఖరారు కావడంలో పోయిన ప్రతి వారమూ సంఘం సభ్యుడి తూకంలోంచే తగ్గుతుంది.

జలవనరుల శాస్త్రజ్ఞుడు రాబిన్ వెల్కమ్ 1976లో ఇచ్చిన సూత్రం ఈ తర్కాన్నే గణితంలో పెట్టింది. ఈ నీరు ఏటా ఎంత చేపను పోషించగలదు, పట్టే నాటికి ఒక్కో చేప ఎంత తూగాలి, ఈలోగా ఎన్ని చనిపోతాయి అన్న మూడు తెలిస్తే ఎన్ని పిల్లలు వదలాలో తేలుతుంది. మూడోది మనం కొలవడం లేదు. పిల్లలను వదిలేటప్పుడు లెక్కిస్తున్నాం, ఫొటో తీస్తున్నాం. ఎండాకాలంలో అదే చెరువును పట్టినప్పుడు ఎన్ని దొరికాయో రాసుకుంటే బతుకు శాతం ఏ ఖర్చూ లేకుండా తెలుస్తుంది. సంఘం అమ్మకం పుస్తకంలో సగం సమాచారం ఇప్పటికే ఉంటుంది. బరువు రాస్తారు, సంఖ్య రాయరు.

చెరువుకు ఉన్న ఇంకో ప్రమాదం కట్ట. వనపర్తి సంస్థానాధీశులు తలపెట్టిన సరళాసాగర్‌కు తనంతట తానే నీటిని వదిలే సైఫన్లు ఉన్నాయని ఇంజనీరింగ్ విద్యార్థులు చదువుకుంటారు. 2019 డిసెంబరు 31న ఆ కట్ట తెగింది. నీళ్లతో పాటు సంఘాలు ఆశపెట్టుకున్న చేపా వాగులో కలిసింది. పంటకు బీమా ఉండాలన్న మాట అందరూ ఒప్పుకుంటారు. చెరువులో ఉన్నదీ పంటే.

ఇక జలాశయానికి వద్దాం. నిండు మట్టంలో శ్రీశైలం నీరు 615 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. అందులో చేపలు ఎన్ని ఉన్నాయో నీరు దించి చూడటం ఎవరి తరమూ కాదు. పైగా ఇది సంఘం చెరువులా ఒక ఊరి సొత్తు కాదు. ఎడమ ఒడ్డు తెలంగాణ, కుడి ఒడ్డు ఆంధ్రప్రదేశ్. పుట్టి, వల ఉన్నవాళ్లు ఎందరెందరో అక్కడ వేటాడతారు. నేను వదిలేసిన చేప నా పక్కవాడి వలలో పడుతుందని తెలిశాక పిల్లచేపను నీటిలోకి తిరిగి వదలమని ఏ జాలరికి చెప్పగలం? ఇలాంటి ఉమ్మడి వనరులను ఎవరు ఎలా కాపాడుకున్నారో జీవితకాలం అధ్యయనం చేసిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎవరికి హక్కు ఉందో, ఎక్కడి వరకు ఉందో తేలిన చోట జనం తమ నియమాలు తామే పెట్టుకుని నిలబెట్టుకున్నారని ఆమె చూపించింది. మన చెరువు సంఘాలకు ఆ హద్దు ఉంది. కొల్లాపూర్ దగ్గరి సోమశిల ఒడ్డుకు లేదు.

దేశంలోని జలాశయాల మీద వి.వి. సుగుణన్ రాసి, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1995లో ప్రచురించిన గ్రంథం ఇప్పటికీ ఈ రంగంలో వాళ్లకు చేతిపుస్తకం. చిన్న జలాశయాల సగటు దిగుబడి హెక్టారుకు 49.9 కిలోలు, మధ్యతరహా వాటిలో 12.3, పెద్దవాటిలో 11.4 అని ఆయన లెక్క తేల్చారు. ఆ పెద్ద జలాశయాల సగటునే శ్రీశైలానికి వర్తింపజేస్తే ఏడాదికి సుమారు 700 టన్నులు. ఇది ఆ జలాశయపు అసలు దిగుబడి అని నేను చెప్పడం లేదు. పెద్ద నీటిలో హెక్టారుకు ఎంత కొంచెం పండుతుందో చూపడానికే ఈ అంకె. పిల్లలను గుమ్మరించి ఈ సగటును పెంచడం చిన్న నీటిలో సాధ్యం. ఇంత పెద్ద నీటిలో మనం వదిలే పిల్లల కన్నా, అక్కడే పుట్టి పెరిగే చేపలే వేటకు ఆధారం. వాటిని ఎప్పుడు, ఏ సైజులో, ఏ వలతో పట్టాలన్నదే అసలు నిర్ణయం.

ఇక్కడికే అలివి వల వస్తుంది. కొల్లాపూర్, పెంట్లవెల్లి, చిన్నంబావి తీరాల్లో ఏటా గొడవకు కారణం ఇదే. దోమతెర లాంటి సన్నకన్ను వలను పడవతో దూరం తీసుకెళ్లి, విశాలంగా చుట్టి, రెండు చివరలూ ఒడ్డుకు లాగుతారు. దారిలో ఉన్నదంతా వస్తుంది. చిన్నచేపను ఇసుక మీద ఎండబెట్టి బస్తాలకెత్తి అమ్ముతారు. దీని మీద నిషేధం ఉంది, దాడులు జరుగుతాయి, వలలు తగలబెడతారు, కొన్నాళ్లకు మళ్లీ కొత్త వలలు వస్తాయి. లాగేవాళ్లలో చాలామంది దూరం నుంచి వచ్చిన కూలీలు. పెట్టుబడి వ్యాపారిది. స్థానిక మత్స్యకారులు తమ నోటికాడ కూడు పోతోందని మొత్తుకుంటారు. వాళ్ల కోపం న్యాయమైనదే. అయితే కోపాన్ని నిర్ణయంగా మార్చాలంటే ఒక సాక్ష్యం కావాలి. ఆ సాక్ష్యం గంపలో ఉంది.

అలివి వలలోంచి ఇప్పుడే తీసిన ఒక గంప చిన్నచేపను నీడలో పరచిన పాలిథిన్ పట్టా మీద బోర్లిస్తే ఏం కనిపిస్తుందో చూడండి. అద్దంలా లోపలి ముల్లు కనిపించే చందమామ చేపలు, వెండిరంగు పరకలు, వేలెడంత జెల్లలు, మధ్యమధ్య ఎర్రటి రెక్కలతో రవ్వ పిల్లలు, పెద్ద తలతో బొచ్చె పిల్లలు. జాతులవారీగా కుప్పలు పెట్టి, ఒక్కో కుప్పను తూచి, ఒక్కో చేపనూ కొలత పలక మీద పెట్టాలి. ఆ పలక ఒక చెక్కముక్క. ఒక చివర అడ్డుపట్టీ, పొడవునా మిల్లీమీటర్ల గీతలు. చేప మూతి పట్టీకి ఆనాలి, తోక సాఫీగా పరుచుకోవాలి, చూపు నిటారుగా పైనుంచి పడాలి. ఒకరు కొలుస్తూ అంకె చెబుతుంటే ఇంకొకరు రాస్తారు. ఎండ ముదిరితే చేప ముడుచుకుంటుంది, కొలత తప్పుతుంది. అందుకని తెల్లవారకముందే మొదలుపెట్టాలి.

"ఏంది సారూ, గీ పరకలు గూడ కొలుస్తవా?" అని ఒడ్డునున్నవాళ్లు అడగడం మామూలే. "కొలవకపోతే ఎట్ల తెలుస్తదన్నా" అనడమే దానికి జవాబు.

ఎందుకంటే ఇక్కడ శాస్త్రం రెండు వైపులా మాట్లాడుతుంది. చందమామ, పరక లాంటివి పుట్టుకతోనే చిన్న జాతులు. ఎన్నేళ్లు ఆగినా అవి వేలెడు కన్నా పెద్దగా ఎదగవు. తొందరగా పుడతాయి, తొందరగా చనిపోతాయి. వాటిని సన్నకన్ను వలతోనే పట్టగలం. ఆఫ్రికాలో కరీబా సరస్సులో కపెంటా అనే చిన్నచేప వేట మీద లక్షలమంది పేదల పోషణ ఆధారపడి ఉంది. పెద్దచేపలనే ఏరి పట్టడం కన్నా అన్ని సైజుల్లోంచీ వాటి ఉత్పత్తికి తగినంత తీసుకోవడం మేలని వాదించే శాస్త్రజ్ఞులూ ఉన్నారు. 2012లో సైన్స్ పత్రికలో ఆ వాదనతో వచ్చిన వ్యాసం పెద్ద చర్చే లేపింది. కాబట్టి సన్నకన్ను అంటే పాపం అనే తీర్పు తొందరపాటు అవుతుంది. ప్రశ్న వేరే: గంపలో రవ్వ, బొచ్చె, వాలుగ పిల్లల వాటా ఎంత? 50 గ్రాముల రవ్వ పిల్లలు వెయ్యి పడితే 50 కిలోలు. వాటిని ఏడాది ఆపి, సగం వాటంతటవే చనిపోయినా, మిగిలిన ఐదువందలూ 800 గ్రాముల చొప్పున ఎదిగితే 400 కిలోలు. గంపలో ఆ వాటా నూటికి ఒకటైతే ఒక నిర్ణయం, ఇరవై అయితే ఇంకో నిర్ణయం. ఏ నెలల్లో ఆ వాటా పెరుగుతుందో తెలిస్తే నిషేధం ఏ నెలల్లో గట్టిగా అమలు కావాలో తెలుస్తుంది. ఏ రేవులో ఎక్కువో తెలిస్తే ఉన్న కొద్దిపాటి సిబ్బందిని ఎక్కడ నిలబెట్టాలో తెలుస్తుంది.

పొడవునే ఎందుకు కొలవాలంటే, చేప వయసు తెలుసుకోవడం మన దగ్గర కొంచెం కష్టం. చలిదేశాల్లో చేప పొలుసు మీదా చెవిరాయి మీదా ఏటా ఒక వలయం ఏర్పడుతుంది, చెట్టు మొద్దులోలాగా. మనకు అంత చలి లేదు. అందుకే 1980 ప్రాంతంలో మనీలాలో మత్స్య శాస్త్రజ్ఞుడు డానియెల్ పౌలీ, పొడవుల పట్టికల్లోంచే ఎదుగుదలను లాగే కంప్యూటర్ పద్ధతిని ఉష్ణదేశాల కోసం తయారుచేశాడు. నెలనెలా కొలిచిన పొడవులు ఉంటే చాలు, ఒక ఈడు పిల్లలు నెల నెలకూ ముందుకు జరగడం పటం మీద కనిపిస్తుంది. ఆ తర్వాత రైనర్ ఫ్రోజ్ 2004లో ఇంకా సులువు చేశాడు. పట్టిన చేపల్లో గుడ్డు పెట్టే ఈడు దాటినవి ఎన్ని, సరైన సైజు దగ్గరున్నవి ఎన్ని, బాగా ముదిరిన పెద్ద తల్లిచేపలు ఎన్ని అని మూడే మూడు చూడమన్నాడు. పెద్ద తల్లి విలువ వేరు. కిలో తల్లి రవ్వ రెండు మూడు లక్షల గుడ్లు పెడుతుంది, బరువు పెరిగేకొద్దీ ఆ సంఖ్యా పెరుగుతుంది. ఈ మూడు ప్రశ్నలూ జాలరికి అర్థమవుతాయి, జిల్లా అధికారికి అర్థమవుతాయి. అందుకే నాకు ఇవి ఎక్కువ ఇష్టం.

వలకు పడే చేప లెక్కనే నమ్ముకుంటే ఏమవుతుందో కెనడాలోని న్యూఫౌండ్లాండ్ చెప్పింది. అక్కడి కాడ్ చేప వందల ఏళ్లపాటు యూరప్‌కు తిండి పెట్టింది. 1980ల్లో ఆ చేప తగ్గిపోతున్నా మిగిలినవి గుంపులుగా చేరిన చోటికే ట్రాలర్లు వెళ్లేవి కనుక గంటకు పడే చేప మాత్రం తగ్గలేదు. ఆ అంకెను చూసి నిల్వ బాగుందనుకున్నారు. 1992 జూలై 2న కెనడా ప్రభుత్వం వేటను ఆపేసింది. దాదాపు 30 వేలమంది ఉపాధి పోయింది. ఆ నిషేధం తీయడానికి 2024 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ చిన్న కోటాతో.

శ్రీశైలం వెనుక జలాల్లో ఇదే మోసం ఏటా ఎండాకాలంలో జరుగుతుంది. మార్చి తర్వాత నీరు కిందికి జారుతుంది. కిలోమీటర్ల కొద్దీ పరుచుకున్న చేప పాత నదీగర్భంలోకి, మడుగుల్లోకి చేరుతుంది. వలకు పడే చేప పెరుగుతుంది. "ఈసారి చేప బాగుంది" అన్న మాట వినిపిస్తుంది. పెరిగింది చేప కాదు, చేపల దగ్గరితనం. పట్టుబడి పక్కన ఆనాటి నీటిమట్టం రాయకపోతే ఆ అంకె మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు దగ్గర మట్టాల లెక్క రోజువారీగా ఉంది. చేపల లెక్క దాని పక్కన పెట్టుకునేందుకు అయ్యే ఖర్చు ఒక నోటుపుస్తకం.

మట్టం చేపల సంతానోత్పత్తినీ శాసిస్తుంది. నిలవనీటి ఒడ్డున గూడు కట్టే చేప, గడ్డిలో గుడ్లంటించే చేప నీరు ఒక్కసారిగా దిగిపోతే ఆ ఏటి సంతానాన్ని పోగొట్టుకుంటుంది. రవ్వకు పైనుంచి వచ్చే వరద కావాలి. జిలేబి చేప తన గుడ్లను నోట్లో పెట్టుకుని కాపాడుతుంది కనుక దానికి ఈ బాధ తక్కువ, నిలవనీటిలో ఏటా పలుమార్లు పిల్లలు పెడుతుంది. ఆనకట్టలు కట్టిన నదిలో ఎవరు నెగ్గుతారో ఊహించవచ్చు. పూడిక వల్ల శ్రీశైలం నిల్వ సామర్థ్యం 308 టీఎంసీల నుంచి 215కు పడిపోయింది. ఆ పూడిక ముందు చేరేది తోకభాగంలో, సంగమం దగ్గర, సరిగ్గా చేప ఎదురీదే దారిలో.

శాస్త్రజ్ఞుడు నిషేధం పెట్టడు, తీయడు. అది ప్రభుత్వం పని. ఆయన పని అధికారి ముందు మూడు దారులు పెట్టి, ఏ దారిలో పోతే ఎవరికి ఎంత నష్టం, ఎన్నేళ్లకు ఎంత లాభం, ఈ మాటపై తన నమ్మకం ఎంత అని చెప్పడం. వేట ఆపాలన్న నెలల్లో జాలరి ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో ఆ కాగితంలో లేకపోతే అది సగం శాస్త్రమే. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్ర వేట ఆగినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో మత్స్యకారులకు భృతి ఇస్తున్నారు. నదిమీద బతికేవాడికీ అదే న్యాయం వర్తించాలి.

ఈ పనికి మనుషులు దూరంగా లేరు. వనపర్తి జిల్లా పెబ్బేరులో మత్స్య కళాశాల ఉంది. అక్కణ్నుంచి ఒకవైపు జూరాల, ఇంకోవైపు శ్రీశైలం వెనుక జలాలు. విద్యార్థులకు పాఠం చెప్పే ఊరికీ పాఠం దొరికే రేవుకూ ఇంత దగ్గరితనం దేశంలో ఎక్కువ చోట్ల ఉండదు. ఆ విద్యార్థులు నెలకు ఒకరోజు సోమశిల, మంచాలకట్ట రేవుల్లో గంపలు కొలిస్తే, మూడేళ్లలో ఈ నది మీద ఇప్పటివరకూ లేని పుస్తకం ఒకటి తయారవుతుంది. అవతలి ఒడ్డున నంద్యాల వైపు కూడా అదే రోజు అదే పలకతో కొలవాలి. ఒకవైపు వల ఆపి, రెండోవైపు వదిలేస్తే ఆ నిషేధానికి అర్థం లేదు.

సంఘం సభ్యులకు నా మనవి ఒకటి. ఈసారి చెరువు పట్టినప్పుడు అమ్మకం పుస్తకంలో బరువు పక్కన చేపల సంఖ్య కూడా రాయించండి, ఏ తేదీన ఎంత సైజు పిల్లలు వదిలారో దాని పైన రాయించండి. వచ్చే ఏడు పిల్లల లారీ వచ్చినప్పుడు ఆ పుస్తకం తెరిచి అధికారి ముందు పెట్టండి. ఎన్ని కావాలో, ఎంత సైజువి కావాలో, ఎప్పటిలోగా కావాలో అప్పుడు మీరే చెప్పగలుగుతారు.